కాటాకు ముద్ర, సర్వర్‌కు పరీక్ష
ప్యాచ్ వేసినంతనే పని ముగిసినట్లు కాదు : సరిచూచి, బ్యాకప్ తీసిన తర్వాతే మార్కెట్‌కు భరోసా

(మా వాణిజ్య విలేఖరి)

2021 ఫిబ్రవరి 24న ముంబయిలోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉదయం 11-40 గంటలకు వ్యాపారం నిలిచిపోయింది. తిరిగి మొదలయ్యేసరికి మధ్యాహ్నం 3-45 గంటలయినది. ఆ రోజు లావాదేవీలను సాయంత్రం 5 గంటల వరకు పొడిగించవలసి వచ్చింది. కొనుగోలు, అమ్మకం ఆర్డర్లను జతపరచే ప్రధాన యంత్రం చెడిపోయినందువల్ల ఇది జరగలేదు. టెలికం లైన్లు అస్థిరమై, ఆ వెంటనే నష్టభయాన్ని లెక్కగట్టే వ్యవస్థ అందుబాటులో లేకుండా పోయింది. పూచీ లెక్క తెలియకుండా బేరాలు సాగనివ్వటం ప్రమాదం గనుక ఎక్స్ఛేంజి వ్యాపారాన్ని ఆపివేసింది.

2025 అక్టోబర్ 28న సరుకుల వాయిదా వ్యాపారానికి ఆయువుపట్టయిన మల్టీ కమోడిటీ ఎక్స్ఛేంజి వంతు వచ్చింది. ఉదయం 9 గంటలకు ప్రారంభం కావలసిన లావాదేవీలు మధ్యాహ్నం 1-25 గంటల ప్రాంతంలో మొదలయినవి. అదీ విపత్తు సమయాలకని వేరుగా ఉంచిన కేంద్రం నుంచి. ఖాతాదారుల కోడ్‌ల వంటి మూల సమాచారానికి వ్యవస్థలో ముందుగా పెట్టిన హద్దు దాటటం కారణమని ఎక్స్ఛేంజి తర్వాత వివరించింది. బంగారం, వెండి, ముడి చమురులో బేరాలు ఉన్నవారు నాలుగు గంటలకు పైగా కొనలేక, అమ్మలేక చేతులు కట్టుకొని కూర్చోవలసి వచ్చింది.

ఈ రెండింటికీ ప్యాచ్ కారణం కాదు. అయినా రెండూ ఒకే సంగతి చెబుతున్నవి. బేరం కుదిర్చే యంత్రం ఒక్కటి బాగుంటే చాలదు, దాని చుట్టూ ఉన్న సహాయక యంత్రాలు కూడా బాగుండాలి. అట్టి సహాయక యంత్రాలలో వర్తకులకు పేరైనా తెలియనిది నెట్‌వర్క్ నిర్వహణ సర్వర్. దానికి ప్యాచ్ వేసిన తర్వాత ఏమి చేయాలి, ఏమి చేయకుండా వదిలిపెడుతున్నారు అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

కావలిదారు పని

ఎక్స్ఛేంజిలోనైనా, బ్రోకరు కార్యాలయంలోనైనా, శీతల గిడ్డంగిలోనైనా స్విచ్‌లు, రౌటర్లు, ఫైర్‌వాల్‌లు, బయటికి పోయే లైన్లు ఉంటవి. కొద్ది నిమిషాలకొకసారి వీటన్నిటినీ పలకరించటం నెట్‌వర్క్ నిర్వహణ సర్వర్ మొదటి పని. ఏదైనా బదులివ్వకపోతే సిబ్బందికి హెచ్చరిక పంపటం రెండవ పని. ఒక్కొక్క పరికరంలో ఏయే అమరికలు ఉన్నవో ప్రతి రాత్రి నకలు తీసి భద్రపరచటం మూడవ పని. ఒక స్విచ్ కాలిపోతే కొత్తది తెచ్చి, ఆ నకలును దానిలో ఎక్కిస్తే అరగంటలో లైను నిలబడుతుంది. నకలు లేకపోతే అన్నీ చేతితో రాసుకోవలసిందే, అందుకు ఒక పూట పట్టవచ్చు.

ఈ సర్వర్ ఒక్క బేరమూ చేయదు. ఇది ఆగినా ఆ క్షణాన మార్కెట్ ఆగదు. అందువల్లనే దీనిపట్ల అశ్రద్ధ ఎక్కువ. యార్డులో కావలిదారు నిద్రపోయినంత మాత్రాన ఆ రాత్రే దొంగతనం జరగాలని లేదు. కాని దొంగ వచ్చిన రాత్రి అతడు నిద్రలో ఉంటే తెల్లవారేవరకు ఎవరికీ తెలియదు. పైగా ఈ కావలిదారు చేతిలో అన్ని గదుల తాళాలూ ఉన్నవి. ప్రతి రౌటర్ పాస్‌వర్డు, ప్రతి స్విచ్ చిరునామా ఇందులో ఉంటవి. దీనిని లొంగదీసుకున్నవాడికి మొత్తం నెట్‌వర్క్ లొంగినట్లే.

రసీదు లేని ఉత్తరం

పరికరాలు ఈ సర్వర్‌తో మాట్లాడే పద్ధతికి ఎస్.ఎన్.ఎం.పి. అని పేరు. 1988 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. సర్వర్ అడిగే ప్రశ్నలు పరికరం వద్ద 161 నంబరు ద్వారం గుండా పోతవి. పరికరం తనంతట తాను పంపే హెచ్చరికలు సర్వర్ వద్ద 162 నంబరు ద్వారానికి చేరుతవి. ఈ హెచ్చరికలు సాధారణంగా యు.డి.పి. అనే రవాణా పద్ధతిలో వస్తవి. అది రసీదు లేని ఉత్తరం వంటిది. చేరిందీ లేనిదీ పంపినవారికి తెలియదు.

ప్రమాదం ఇక్కడనే ఉన్నది. ప్యాచ్ వేసినపుడు సర్వర్‌లోని ఫైర్‌వాల్ నిబంధనలు తిరిగి మొదటి స్థితికి పోయి 162 ద్వారం మూసుకున్నదనుకుందాము. పరికరాలు హెచ్చరికలు పంపుతూనే ఉంటవి. సర్వర్‌కు ఒక్కటీ చేరదు. తెర మీద ఎర్ర గుర్తు ఒక్కటీ కనబడదు. సిబ్బంది ఎంతో ప్రశాంతంగా ఉన్నదని సంతోషిస్తారు. హెచ్చరిక రాకపోవటం వేరు, చెడుపు లేకపోవటం వేరు. ప్యాచ్ మరునాడు తెర అంతా పచ్చగా ఉన్నదంటే ముందుగా అనుమానించటమే మంచిది.

వేయకుండా ఉండరాదు

ఇంత చిక్కు ఉన్నప్పుడు ప్యాచ్ వేయటం దేనికని కొందరు అడగవచ్చు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్‌లోని ఒక లోపానికి ప్యాచ్ విడుదల చేసింది. దాదాపు రెండు నెలలకు, మే 12న, వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాం అదే లోపం గుండా ప్రపంచమంతటా చొరబడి ఫైళ్లకు తాళం వేసి సొమ్ము అడిగింది. బ్రిటన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రులలో పనులు స్తంభించినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడినట్లు అప్పట్లో వార్తలు వచ్చినవి. ప్యాచ్ వేసుకున్నవారికి ఆ ద్వారం అప్పటికే మూసుకొని ఉన్నది. కనుక ప్యాచ్ వేయక తప్పదు. వేసి వదిలివేయటమే తప్పు.

మన వర్తకులకు ఇది కొత్త సంగతి కాదు. కాటా చెడిపోతే లైసెన్సు ఉన్న మరమ్మతుదారు చేత బాగుచేయిస్తారు. బాగయినది గదా అని వెంటనే బస్తా ఎత్తరు. తూనికలు కొలతల శాఖవారు తిరిగి సరిచూచి ముద్ర వేసిన తర్వాతే దానిపై తూకం వేయాలన్నది నిబంధన. మరమ్మతు చేసినవాని మాటకూ, పరీక్షించినవాని ముద్రకూ గల తేడా చట్టం గుర్తించింది. సర్వర్ విషయంలో అట్టి ముద్ర వేసే అధికారి ఎవరూ ఇంటికి రారు. ఎవరికి వారే వేసుకోవాలి.

ఏడు సరి, ఎనిమిదవది తప్పు

ముద్ర వేయకుండా కాటా ఎక్కిస్తే ఏమవుతుందో అమెరికాలోని నైట్ క్యాపిటల్ కథ చెబుతుంది. ఆ సంస్థ షేర్ల ఆర్డర్లను ఎక్స్ఛేంజిలకు పంపే వ్యాపారంలో పెద్దది. 2012 ఆగస్టు 1న అమలులోకి రావలసిన ఒక కొత్త పథకం కోసం తన 8 సర్వర్లలో కొత్త ప్రోగ్రాం ఎక్కించవలసి ఉండగా, 7 సర్వర్లలోనే ఎక్కినది. ఎనిమిదవ దానిలో ఏనాడో వాడటం మానివేసిన పాత భాగం మిగిలిపోయింది. ఎక్కించిన పనిని రెండవ వ్యక్తి ఒకసారి సరిచూడాలన్న నియమం వ్రాతపూర్వకంగా లేదు.

మార్కెట్ తెరవగానే ఆ ఎనిమిదవ సర్వర్ పాత భాగాన్ని నిద్రలేపి ఆర్డర్ల మీద ఆర్డర్లు కురిపించింది. 45 నిమిషాలలో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా బేరాలు జరిగినవి. 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. మార్కెట్ తెరవక ముందే ఈ లోపాన్ని పేర్కొంటూ 97 ఈ-మెయిల్‌లు సిబ్బందికి వచ్చి ఉన్నవి. వాటిని హెచ్చరికలుగా ఎవరూ భావించలేదు. కంగారులో సిబ్బంది మిగిలిన 7 సర్వర్లలోని కొత్త ప్రోగ్రాంను తీసివేయగా నష్టం మరింత పెరిగింది. 2013లో అమెరికా సెక్యూరిటీల కమిషన్ 1.2 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. అప్పటికే ఆ సంస్థ వేరొక సంస్థలో విలీనమయిపోయింది.

ఎనిమిది యంత్రాల మీద వర్షన్ నంబరు చూచి కాగితం మీద టిక్కు పెట్టడానికి పది నిమిషాలు పట్టదు. ఆ పది నిమిషాల ఖరీదు 46 కోట్ల డాలర్లు.

ముద్ర ఉన్న సరుకులోనూ కల్తీ

రెండవ ఉదాహరణ నేరుగా నెట్‌వర్క్ నిర్వహణ సర్వర్‌కు సంబంధించినదే. అమెరికాలోని సోలార్‌విండ్స్ కంపెనీ తయారుచేసే ఒరాయన్ అనే ప్రోగ్రాం ఈ పనికి ఎంతో పేరుపడినది. 2020 మార్చి, జూన్ నెలల మధ్య ఆ కంపెనీ విడుదల చేసిన అప్‌డేట్‌లలోకి గూఢచారులు ముందే తమ ప్రోగ్రాం చొప్పించారు. అప్‌డేట్ కంపెనీ సొంత కేంద్రం నుంచే వచ్చింది. కంపెనీ డిజిటల్ సంతకం సక్రమంగానే ఉన్నది. సుమారు 18,000 మంది ఖాతాదారులు దానిని ఎక్కించుకున్నారు. ఫైర్‌ఐ అనే భద్రతా సంస్థ తన సొంత ఇంట్లో జరిగిన చొరబాటుపై విచారిస్తుండగా డిసెంబరులో గుట్టు బయటపడినది. ఒరాయన్‌ను వెంటనే నెట్‌వర్క్ నుంచి తొలగించవలసిందిగా అమెరికా ప్రభుత్వం తన శాఖలను ఆదేశించింది.

ఆ చొప్పించిన ప్రోగ్రాం ఎక్కిన వెంటనే ఏ పనీ చేయలేదు. రెండు వారాల వరకు నిద్ర నటించి, ఆ తర్వాత బయటి చిరునామాలతో మాట్లాడటం మొదలుపెట్టేది. సంచీ మీది ముద్ర సరిపోయినంత మాత్రాన లోపలి సరుకు నిఖార్సయినదని నమ్మరాదని దీనివల్ల తేలుతున్నది. ప్యాచ్ వేసిన నాటి పరీక్ష అవసరమే, కాని చాలదు. తర్వాత కొన్ని వారాల పాటు ఆ సర్వర్ ఎవరెవరితో మాట్లాడుతున్నదో గమనించాలి. పరికరాలతో తప్ప బయటి ప్రపంచంతో దానికి పని లేదు. కొత్త చిరునామా కనబడితే కారణం తెలుసుకోవాలి.

సరిచూచే పద్ధతి

పని ప్యాచ్ వేయక ముందే మొదలవుతుంది. ఇప్పటి వర్షన్ నంబరు, జాబితాలో ఉన్న పరికరాల సంఖ్య, ప్రస్తుతం పరిష్కారం కాని హెచ్చరికల సంఖ్య, డిస్కులో మిగిలిన ఖాళీ కాగితం మీద వ్రాసుకోవాలి. నిల్వ సరుకు లెక్క తెలియకుండా గిడ్డంగి చేతులు మారితే తర్వాత తగాదా తీరదు. అప్పటి స్థితికి పూర్తి బ్యాకప్ ఒకటి తీయాలి. ప్యాచ్ ఫైలుకు తయారీదారు ప్రకటించిన సరిపోల్చు సంఖ్యతో తమ వద్ద ఉన్న ఫైలు సంఖ్యను పోల్చాలి. మార్కెట్ మూసిన తర్వాతే ముట్టుకోవాలి. ఫలానా గంటలోగా పని కుదరకపోతే పాత స్థితికి పోవాలని ముందే నిర్ణయించుకోవాలి.

ప్యాచ్ తర్వాత మొదట చూడవలసినది వర్షన్ నంబరు. ఒక్క యంత్రంలో కాదు, జంటగా పనిచేసే రెండవ యంత్రంలోనూ. సర్వీసులన్నీ లేచినవా, లాగ్ ఫైళ్లలో కొత్త లోపాలు పడుతున్నవా చూడాలి. పరికరాల సంఖ్య నిన్నటి కాగితంతో సరిపోవాలి. ఒక్కొక్క పరికరాన్ని చివరిసారి ఎప్పుడు పలకరించినదో సమయం చూడాలి. ప్యాచ్‌కు ముందటి సమయమే ఇంకా కనబడుతుంటే తెర మీదివి పాత అంకెలని అర్థం.

అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష ఒకటున్నది. వాడుకలో లేని ఒక స్విచ్ పోర్టును కావాలని ఆపి, హెచ్చరిక తెర మీదకు వచ్చినదా, రాత్రి విధులలో ఉన్న మనిషి ఫోనుకు చేరినదా చూడాలి. తెర దాకా వచ్చి ఫోనుకు చేరకపోతే సగం పనే జరిగినట్లు. గడియారం సరిగా ఉన్నదా చూడాలి. గడియారం తప్పితే రేపు ఏదైనా జరిగినపుడు ఏది ముందు, ఏది వెనుక అన్నది తేల్చలేరు. రాత్రి నకళ్లు తీసే పని తన సమయానికి తాను నడిచినదీ లేనిదీ మరునాడు ఉదయం చూడాలి. ఇవన్నీ చూచినవాడు ప్యాచ్ వేసినవాడు కాకుండా వేరొకరయితే మంచిది.

పాత బ్యాకప్ చాలదు

ప్యాచ్‌కు ముందు బ్యాకప్ తీశాము గదా, మళ్లీ ఎందుకన్న ప్రశ్న తరచు వినబడుతున్నది. ప్యాచ్ డేటాబేసు అమరికనే మార్చివేయవచ్చు. అనేక నిర్వహణ ప్రోగ్రాంలలో ఒక వర్షన్‌లో తీసిన బ్యాకప్ అదే వర్షన్‌లో తప్ప ఎక్కదు. ఇక ఆ బ్యాకప్‌ను వాడాలంటే పాత వర్షన్‌ను వెతికి ఎక్కించి, దానిపై బ్యాకప్ వేసి, తిరిగి ప్యాచ్ వేయాలి. విపత్తు వేళ అంత తీరిక ఉండదు. అందుచేత పరీక్షలన్నీ నెగ్గిన తర్వాత, నెగ్గక ముందు కాదు, కొత్త బ్యాకప్ తీసి దానిపై తేదీ, వర్షన్ వ్రాయాలి. పాతదాన్ని కూడా కొన్ని వారాలు ఉంచాలి.

బ్యాకప్ అదే సర్వర్ డిస్కులో ఉంటే, చిట్టా, ఆవర్జా రెండూ ఒకే పెట్టెలో పెట్టి పెట్టె కాలిపోయినట్లే అవుతుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే ఊరిలో అన్నది ఈ రంగంలో స్థిరపడిన సూత్రం. డేటాబేసుతో పాటు అమరికల ఫైళ్లు, లైసెన్సు ఫైళ్లు, పాస్‌వర్డులను విప్పే తాళంచెవి ఫైలు కూడా తీయాలి. ఆ తాళంచెవి లేకపోతే పరికరాల జాబితా తిరిగి వస్తుంది గాని ఒక్క పరికరంలోకీ ప్రవేశం ఉండదు.

మచ్చు తీసి చూడాలి

తీసిన బ్యాకప్ పనికివస్తుందనటానికి ఒకటే రుజువు, దానిని వేరొక యంత్రంలో ఎక్కించి చూడటం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసు ఫైళ్లను తుడిచివేశాడు. సంస్థ వద్ద బ్యాకప్ ఏర్పాట్లు ఒకటి కాదు, అనేకం ఉన్నవి. తీరా చూడగా బ్యాకప్ భద్రపరచే చోటు ఖాళీగా ఉన్నది. డేటాబేసు కొత్త వర్షన్‌లో ఉండగా, బ్యాకప్ తీసే సాధనం పాత వర్షన్‌ది నడుస్తూ ప్రతిసారీ విఫలమవుతున్నది. విఫలమయినట్లు తెలిపే ఈ-మెయిల్‌లను గ్రహించే వ్యవస్థ తిరస్కరిస్తున్నది. ఆ ప్రమాదానికి సుమారు ఆరు గంటల ముందు ఒక ఉద్యోగి వేరే పని కోసం తీసిన ప్రతి ఉండబట్టి నష్టం ఆ ఆరు గంటలకు పరిమితమయినది.

వర్షన్ మారటం, బ్యాకప్ విఫలం కావటం, హెచ్చరిక చేరకపోవటం ఒకే చోట కలసినవి. ఒక్కసారి మచ్చు తీసి చూచి ఉంటే మూడూ బయటపడేవి. బస్తాల నిల్వ లెక్క పుస్తకంలో ఎంత ఉన్నా, కొనేవాడు మచ్చు చూడనిదే ధర చెప్పడు. బ్యాకప్ విషయంలోనూ అదే మర్యాద పాటించాలి.

గడువు కొద్దిదే

ఎక్స్ఛేంజిల విషయంలో ఇది ఇష్టాయిష్టాల ప్రశ్న కాదు. కీలక వ్యవస్థ ఆగిన 30 నిమిషాలలోగా దానిని విపత్తుగా ప్రకటించాలని, ఆ ప్రకటన జరిగిన 45 నిమిషాలలోగా వేరే కేంద్రం నుంచి పని మొదలుపెట్టాలని సెబీ 2021 మార్చిలో నిర్దేశించింది. పోగొట్టుకొనే సమాచారం 15 నిమిషాల మేరకు మించరాదు. ఏ లైను తెగినదో చూపే సర్వరే గుడ్డిదయితే ఆ 30 నిమిషాలు చెడుపు వెతకటానికే చాలవు.

ఆ నిమిషాల భారం చివరకు మోసేది సరుకు ఉన్నవారే. ఎన్.సి.డి.ఇ.ఎక్స్.లో పసుపు వాయిదా బేరాలకు నిజామాబాద్ మూల కేంద్రం. గిడ్డంగిలో పసుపు పెట్టుకొని, ధర పడిపోతుందన్న భయంతో వాయిదాలో అమ్మి ఉంచుకున్న వర్తకుడు, ధర తనకు ఎదురు తిరిగిన గంటలో తెర ఆరిపోతే బేరం నుంచి బయటపడలేడు. మార్జిను మాత్రం కట్టవలసిందే. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మొదలయిన దరిమిలా యార్డులలో బిడ్డింగు కూడా కంప్యూటర్ మీదనే సాగుతున్నది. సర్వర్ అందకపోతే రైతు సరుకు కుప్ప వద్ద, హమాలీలు కాటాల వద్ద ఎదురుచూడవలసి వస్తుంది. సాయంకాలం దాకా ఆగలేని రైతు వచ్చిన ధరకు ఇచ్చి పోతాడు. ఆ తగ్గుదల ఏ లెక్కలోనూ నష్టంగా చూపబడదు.

వర్తకులు అడగవలసినవి

కమీషన్ దుకాణాలు, శీతల గిడ్డంగులు, బ్రోకరు శాఖలు నెట్‌వర్క్ పనిని బయటి సంస్థలకు అప్పగించటం పరిపాటి. వారు నెలనెలా ఇచ్చే కాగితంలో "ప్యాచ్ వేయబడినది" అన్న ఒక్క మాట చూచి బిల్లు చెల్లించటం సరికాదు. ఐదు ప్రశ్నలకు సమాధానం అడగాలి. ప్యాచ్ ఎన్ని యంత్రాలకు వేయాలి, ఎన్నింటికి వేశారు? తర్వాత సరిచూచినది ఎవరు? పరీక్ష హెచ్చరిక ఎన్ని గంటలకు ఎవరి ఫోనుకు వచ్చింది? కొత్త బ్యాకప్ ఏ తేదీది, ఎక్కడ ఉన్నది? దానిని చివరిసారి వేరొక యంత్రంలో ఎక్కించి చూచినది ఎప్పుడు?

చివరి ప్రశ్న వద్ద తడబడేవారే ఎక్కువ. ఎక్కించి చూడటానికి వేరే యంత్రం కావాలి, ఒక మనిషి పూట పని కావాలి. ఈ ఖర్చును మరమ్మతు పద్దులో కాక బీమా పద్దులో వ్రాసుకుంటే భారమనిపించదు. నిల్వ సరుకుకు అగ్ని బీమా కట్టని గిడ్డంగి యజమాని మన ప్రాంతంలో అరుదు. ఆ సరుకు లెక్కలు, బేరాలు మోసే తీగలకు కావలి కాసే సర్వర్‌కు కూడా ఆపాటి జాగ్రత్త అవసరం. తూకం వేసే ముందు కాటా మీది ముద్ర తేదీ చూసే అలవాటు యార్డులో ఉన్నది. ప్యాచ్ తర్వాత పరీక్ష కాగితం మీది సంతకం, తేదీ చూసే అలవాటు కార్యాలయాలలోనూ రావాలి.